పెద్దకర్మకు ముందు శుక్రవారం

అన్న భీమారావు పోయిన రోజున ధాత్రి కాలేజీకి వెళ్ళింది.

ఫోను వచ్చేసరికి ఆమె దేశంకాని దేశంలో, ఎటోబికోలో బస్‌స్టాపు దగ్గర నిలబడి ఉంది. ఫిబ్రవరి చివరి రోజులు. రోడ్డు పక్కకు తోసిన మంచు నల్లబడి రాయిలా బిగిసి ఉంది. లైన్లో ముందూ వెనకా అందరూ విద్యార్థులే. బ్యాగులు ముందుకు వేసుకుని, బస్సు వచ్చే వైపు కాకుండా ఫోన్ల వైపు చూస్తున్నారు. ఫోనులో మాట్లాడింది వదిన తమ్ముడు. అన్నయ్య డ్యూటీ దిగి పాలకొండ డిపోలో బెంచీ మీద కూర్చున్నాడనీ, మంచినీళ్ళు అడిగాడనీ, తెచ్చేసరికి లేడనీ ఒక్క గుక్కలో చెప్పాడు. ధాత్రి ఎప్పుడని అడిగింది. వదిన ఎక్కడుందని అడిగింది. అంతలో బస్సు వచ్చింది. వెనకనుంచి తోసుకొచ్చారు. ఆమె ఎక్కేసింది.

ఎందుకు ఎక్కానని ఆ తర్వాత చాలాసార్లు అనుకుంది. ఎక్కకపోతే ఎక్కడికి వెళ్ళాలో ఆ క్షణాన తోచలేదు. అంతకంటే వేరే కారణం దొరకలేదు.

చిన్నపిల్లల బడిలో పాఠాలు చెప్పడానికి పనికొచ్చే కోర్సు ఆమెది. పాలకొండలో తొమ్మిదో తరగతి పిల్లలకు జీవశాస్త్రం చెప్పిన మనిషి, ఇక్కడ మళ్ళీ విద్యార్థిని అయింది. ఆ రోజు క్లాసులో ఒక్కొక్కరూ చేతికి బొమ్మ తొడుక్కుని, మిగతావాళ్ళను మూడేళ్ళ పిల్లలనుకుని కథ చెప్పాలి. ఆమె వంతు వచ్చింది. చేతికి గుడ్డ కుందేలు తొడుక్కుంది. కుందేలు క్యారెట్ వెతుక్కుంటూ వెళ్ళడం, దారిలో ముళ్ళపందిని కలవడం అంతా చెప్పింది. గొంతు మార్చి కూడా చెప్పింది. టీచరు మెచ్చుకుంది. ధాత్రి తన సీటులోకి వచ్చి కూర్చుంది.

పక్కన కూర్చునే వర్ష కరీంనగర్ పిల్ల. ధాత్రికంటే బాగా చిన్నది. కాసేపు చూసి, మెల్లగా మోచేత్తో పొడిచింది.

"అక్కా, బొమ్మ తియ్యవా? ఇంకా చేతికే ఉంది."

ధాత్రి చేతివైపు చూసుకుంది. కుందేలు తల ఒక పక్కకు వాలిపోయి ఉంది. తీసి బల్లమీద పెట్టి, అన్నయ్య చనిపోయిన సంగతి చెప్పింది. వర్ష లేచింది. ఇద్దరి కోట్లూ తీసుకుని, టీచరుతో తనే ఏదో చెప్పి, ధాత్రిని చెయ్యి పట్టుకుని బస్‌స్టాపు దాకా నడిపించింది. దారిలో ఒక్కసారే అడిగింది, పొద్దున్నే తెలిసినా ఎట్లా వచ్చినవక్కా అని.

ఇంటికి వచ్చేసరికి భర్త చక్రధర్ లేచి ఉన్నాడు. విమానాశ్రయం పక్కన గోడౌనులో అతనిది సాయంత్రం షిఫ్టు. సంగతి విని మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. భీమారావు అంటే అతనికి నిజంగానే ఇష్టం. ధాత్రి అతని పక్కన నిలబడి భుజం మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత అతను టికెట్లు చూశాడు. టికెట్లు ఉన్నాయి. ఆమె పాస్‌పోర్టులో వీసా గడువు మాత్రం దాటిపోయింది. స్టడీ పర్మిట్ పొడిగించారు కాబట్టి ఇక్కడ ఉండడానికి ఇబ్బంది లేదు. దేశం దాటితే మాత్రం కొత్త వీసా వచ్చేదాకా తిరిగి రావడానికి వీల్లేదు. ఆమె చదువు ఆగితే, ఆమె పర్మిట్ మీద ఆధారపడిన అతని పర్మిట్ కూడా ఆగిపోతుంది.

"వెళ్తావా?" అని అడిగాడు అతను. మనస్ఫూర్తిగానే అడిగాడు.

"ఎలా వెళ్తాను," అంది ధాత్రి.

చిన్నకర్మ శనివారం వచ్చింది. అక్కడ అయిపోయిందని కబురు వచ్చాక ఇక్కడ తలస్నానం చేసింది. బేస్‌మెంట్ బాత్‌రూములో కిటికీ లేదు. ఆవిరి పోవడానికి తలుపు తీసి, తడిజుట్టుతో వంటగదిలోకి వచ్చి, చేసే పని లేక ఓవెన్ తలుపు తీసింది. వాళ్ళింట్లో ఓవెన్ అంటే మూకుళ్ళు, పెనాలు, అట్లకాడలు దాచుకునే అల్మరా. ఈ ఇంట్లోకి వచ్చాక ఒక్కసారీ వెలిగించలేదు. అన్నీ ఒక్కొక్కటిగా బయటపెట్టి, లోపలి గోడలను తడిగుడ్డతో తుడవడం మొదలుపెట్టింది. ఓవెన్ అవసరం శుక్రవారం పడుతుందని ఆమెకు గుర్తుంది. శుక్రవారం మాట చక్రధర్ ఇంకా ఎత్తలేదు.

ఆ శుక్రవారం భోజనానికి రమ్మని డెనీని పిలిచి అప్పటికే చాలా రోజులైంది. డెనీ చక్రధర్ షిఫ్టు సూపర్‌వైజరు. న్యూ బ్రన్స్‌విక్‌లో సముద్రం పక్క పల్లెటూరు వాడు, ఫ్రెంచి మాట్లాడే మనిషి. భార్య పోయాక ఒక్కడే ఉంటున్నాడు. ఈస్టరు ముందు వచ్చే వారాల్లో శుక్రవారాలు మాంసం ముట్టడు, చేప మాత్రం తింటాడు. తమ పూర్వీకులను ఎప్పుడో ఆ ఊళ్ళలోంచి వెళ్ళగొడితే కొందరు దక్షిణాన లూసియానా వెళ్ళి స్థిరపడ్డారనీ, కేజన్ వంట వాళ్ళదేననీ, ఓవెన్లో కాల్చిన కేజన్ చేప తనకు ప్రాణమనీ ఒకసారి లంచ్‌రూములో చెప్పాడట. మా ఆవిడ చేపల ఊళ్ళ పక్క పుట్టిన మనిషి, ఆవిడ చేత్తో తినండి అని చక్రధర్ అప్పుడే అనేశాడు. గోడౌనులో లీడ్ పోస్టు ఒకటి ఖాళీ అవుతోంది. పర్మనెంటుది. దానికి పేరు పంపేది డెనీ. ఆ పోస్టు వస్తే ఇక్కడే స్థిరపడే PR కి అప్లై చేయడానికి ఒక దారి దొరుకుతుంది. ఇదంతా ధాత్రికి తెలుసు. భీమారావు బతికి ఉన్నప్పుడు ఆమే మెనూ కూడా అనుకుంది.

"శుక్రవారం మానేద్దామా?" అన్నాడు చక్రధర్, ఆమె వెనక నిలబడి.

అడిగిన తీరులో మానొద్దనే మాటే ఎక్కువ వినిపించింది. ధాత్రి గుడ్డ పిండింది.

"డెనీకి చెప్పారా? అన్నయ్య సంగతి."

చెప్పలేదు. చెబితే డెనీ తనే వద్దంటాడని, ఆ తర్వాత సెలవు మీద ఊరికి వెళ్ళిపోతాడని, ఈలోగా పేర్లు వెళ్ళిపోతాయని చక్రధర్ వివరించాడు. ఒక్కొక్క మాటా నిజమే. ఆమె వింటూ మూలల్లో పేరుకున్న నల్లటి జిడ్డును గోటితో గీకింది.

సాయంత్రం చక్రధర్ తల్లి కమలకుమారి వీడియో కాల్ చేసింది. ధాత్రి మొహం చూడగానే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. భీమారావు పెళ్ళిలో తను కట్టుకున్న పట్టుచీర రంగు దగ్గర్నుంచి అన్నీ తలుచుకుంది. చివర్లో గొంతు సర్దుకుని అసలు మాట చెప్పింది.

"అమ్మా ధాత్రీ, చిన్నకర్మ అయిపోయింది, తలకి పోసుకున్నావు. ఇంక నీకు మైల లేదు. పెద్దకర్మ దాకా పట్టాల్సింది ఆ ఇంటివాళ్ళు. నువ్వు మన ఇంటి మనిషివి. వాళ్ళ మైల తెచ్చి మన ఇంట్లో పెట్టకు తల్లీ, వాడికి మంచి జరగాల్సిన రోజులు."

"అలాగే అత్తయ్యా," అంది ధాత్రి.

నిరుడు మామగారు పోయినప్పుడు ఇదే వంటగదిలో పెద్దకర్మ దాకా పోపు వేయలేదు, పసుపు డబ్బా ముట్టుకోలేదు. చక్రధర్ గుండు చేసుకుంటుంటే మెడ వెనక జుట్టు అందక, ఆమే మిషను పట్టుకుంది. అప్పుడు అత్తయ్య రోజూ ఫోను చేసి, అన్నీ సరిగ్గా పాటిస్తున్నారా అని కోడలినే అడిగేది.

ఆ రాత్రి పప్పు ఉడికాక ధాత్రి కాస్త తీసి చిన్న గిన్నెలో వేరే పెట్టుకుంది. మిగిలినదానికి ఆవాలు, ఎండుమిర్చి వేసి పోపు పెట్టింది. చక్రధర్ బాగుందంటూ తిన్నాడు. మర్నాడూ, ఆ మర్నాడూ అలాగే జరిగింది.

ఆ వారమంతా ఆమెకు కాలు నిలవలేదు. క్లాసులో కూర్చుంటే మోకాలు ఆడుతూ ఉండేది. ఇంట్లో కూర్చుంటే లేచి తలుపు గొళ్ళెం చూసి వచ్చేది. ఫోను తీసి వదిన పేరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. చేస్తే వదిన ఏడుస్తుంది, తను ఇక్కడ నిలబడి వింటుంది. ఒకసారి చేసింది. వదిన ఏడవలేదు. పెద్దకర్మ ఆదివారమని, వంటవాళ్ళను మాట్లాడామని, ఎంతమంది వస్తారో తెలీదని చెప్పింది. ఆ తర్వాత అడిగింది: "అమ్మీ, తింటన్నావా?" ధాత్రి తింటున్నానంది.

బుధవారం క్లాసయ్యాక వర్షతోపాటు ఆ పిల్ల పార్ట్‌టైం చేసే సూపర్‌మార్కెట్‌కు వెళ్ళింది. వర్ష చేపల కౌంటరులో తెల్ల ఏప్రాను కట్టుకుని గాజుపెట్టె వెనక నిలబడగానే పెద్దదానిలా మారిపోయింది.

"అక్కా, ఇది తీస్కో. హాడక్. ముండ్లు లెవ్వు. తోలు గూడ తీసేసిన్రు."

ఐసు మీద పరిచిన తెల్లటి ముక్కలు కాగితాల్లా ఉన్నాయి. ధాత్రి వంగి చూసింది.

"తల లేకుండా ఎలా తెలుస్తుంది వర్షా? కళ్ళు చూడాలి. మొప్పలు ఎత్తి చూడాలి."

"ఈడ కళ్ళు చూపియ్యరక్కా. డేట్ చూస్కోవాలె. నేను గూడ మొదటిరోజు గిట్లనే అడిగితే మా మేనేజరు నన్ను జూసిండు, ఏందో ఈ పిల్ల అని." కాగితంలో చుడుతూ గొంతు తగ్గించింది. "శుక్రారం దావత్ నిజంగనే పెడుతున్నరా?"

"పెడుతున్నాం."

"నువ్వు తింటవా మరి?"

"వండుతాను," అంది ధాత్రి.

వర్ష పొట్లం అందించి, చేతిని వెంటనే వదల్లేదు. లైన్లో వెనకున్న ఆవిడ దగ్గింది.

మసాలాల వరుసలో కేజన్ డబ్బా దొరికింది. లోపలి పొడి ఎర్రగా, మంచి రంగులో ఉంది. చూడగానే కారమే అనుకుంది. కారమే అనుకున్న తర్వాత డబ్బా మీద చిన్న అక్షరాలు చదవాలని తోచలేదు.

శుక్రవారానికి ముందు ఒకసారి చేసి చూద్దామని ఇంటికి రాగానే మొదలుపెట్టింది. సింకులో కొన్ని చేప ముక్కలు పెట్టి రాళ్ళుప్పు వేసింది. చెయ్యి అలవాటుగా పసుపు డబ్బా మీదికి పోయింది. మూత మీద వేళ్ళు ఆనించి, వెనక్కి తీసుకుంది. పసుపు లేకపోతే నీచు పోదు. అందుకని ఇంకో గుప్పెడు ఉప్పు వేసి, నిమ్మచెక్కతో రుద్ది, నానబెట్టి కడిగింది. మెత్తటి చేప, చేతిలో విరుగుతోంది. తుడిచి పళ్ళెంలో పెట్టి, ఉప్పు చల్లి, నూనె రాసి, ఎర్రపొడి రెండువైపులా వేపుడు ముక్కలకు కారం పట్టించినట్టు పట్టించింది. రేకు కాగితం పరిచిన ట్రేలో వరసగా పెట్టి ఓవెన్లోకి తోసింది. తలుపు అద్దంలోంచి చూస్తే ముక్కల అంచులు మెల్లగా తెల్లబడుతున్నాయి. కాసేపటికి పొడి మాడిన వాసన వచ్చింది. ఆ వెంటనే సీలింగు మీద పొగ అలారం మోగింది.

షిఫ్టుకు తయారవుతున్న చక్రధర్ బనీనుతో పరుగెత్తుకొచ్చి, తువ్వాలుతో అలారం కింద విసిరాడు. సీలింగు ఎత్తు తక్కువ, అతని చెయ్యి రెండుసార్లు తగిలింది. పైన ఓనర్ల అడుగులు ఆగి, మళ్ళీ కదిలాయి. అలారం ఆగాక అతను నవ్వుతూ ఒక ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. నవ్వు ఆగిపోయింది. సింకు దగ్గరికి వెళ్ళి ఉమ్మి, నోరు పుక్కిలించాడు.

"ఉప్పు," అన్నాడు.

"ఎంత?"

"తినలేం." డబ్బా తీసి తిప్పి చూశాడు. "ఇదిగో, ఫస్టే రాశాడు, సాల్ట్ అని. సగం ఉప్పే ఇది. నువ్వు మళ్ళీ ఉప్పేశావా? చూడలేదా?"

"లేదు."

"వేసేముందు కొంచెం నాలిక మీద పెట్టుకుని చూస్తే తెలిసేది కదా."

ధాత్రి రేకు కాగితం నుంచి ముక్కలను గరిటెతో విడదీస్తోంది.

"చూడొచ్చుగా," అన్నాడు అతను మళ్ళీ. "చిన్నకర్మ అయిపోయిందిగా."

"మీకు అయిపోయింది," అంది ధాత్రి. "నాకు అవలేదు."

అతను డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పొయ్యి పక్కన చిన్న గిన్నె ఉంది. మూత తీసి చూశాడు. పసుపు రంగు లేని, పోపు లేని పప్పు, చల్లారి గట్టిపడింది. మూత పెట్టాడు.

"ఎప్పట్నుంచి?"

ఆమె కాగితం మడిచి చెత్తబుట్టలో వేసింది. అది అడగక్కర్లేని ప్రశ్న.

"శుక్రవారం ఒక్కరోజు," అన్నాడు అతను కాసేపటికి. "డెనీ ముందు ఒక్క ముక్క. ఆయన ఏమైనా అనుకుంటే..."

"వండుతానన్నాను. తింటానన్లేదు."

అతనికి షిఫ్టు టైమైంది. చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని, తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. మిగిలిన ముక్కలకు ఉప్పు ఎంత వేయాలో తనే చూస్తానన్నాడు. ధాత్రి గిన్నెలో పొడి, వెల్లుల్లి, మిరియాలు, నూనె కలిపింది. అతను వేలు ముంచి చూసి, ఉప్పు వద్దన్నాడు. ఆమె నిమ్మరసం పిండింది. మళ్ళీ చూసి తలూపాడు. బస్సు తప్పిపోతుందని తెలిసి కూడా మూడోసారి చూశాడు.

మర్నాడు పొద్దున అతను అవతలి గదిలో తల్లితో మాట్లాడుతుండగా ధాత్రికి వినిపించింది. కమలకుమారి ఏదో అడిగింది. అతను "అలాంటిదేం లేదమ్మా, మామూలుగానే ఉంది" అన్నాడు. ధాత్రి బియ్యం కడుగుతోంది. నీళ్ళు తెల్లబడడం ఆగిపోయాక కూడా కడుగుతూనే ఉంది.

శుక్రవారం క్లాసు మధ్యాహ్నానికే అయిపోయింది. బస్సులో కూర్చోలేక, దిగాల్సిన చోటుకు ముందే దిగి నడిచింది. గాలికి చెవులు మండాయి. ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే ఉల్లిపాయలు తరిగింది. క్యాప్సికం, సెలరీ కాడలు సన్నగా తరిగి నేతిలో వేయించి అన్నంలో కలిపింది. సెలరీ వాసన ఆమెకు ఎప్పుడూ కొత్తే. దుంపలు ముక్కలు చేసి ట్రేలో పరిచింది. చక్రధర్ సెలవు పెట్టి, ఇల్లు ఊడ్చి, మడత బల్ల తెరిచి, దాని వంకర కాలు కింద అట్టముక్క పెట్టాడు. చేప కడిగేటప్పుడు పక్కనే ఉన్నాడు. మసాలా కలిపేటప్పుడు అడక్కుండానే వేలు ముందుకు చాచాడు.

డెనీ తలుపు దగ్గర తల వంచి లోపలికి వచ్చాడు. పెద్ద మనిషి, జుట్టంతా తెల్లబడింది. చెప్పకుండానే బూట్లు విప్పి గోడవారగా పెట్టాడు. చేతిలో పసుపు తులిప్ పువ్వులు. ధాత్రి తీసుకుని స్టీలు చెంబులో పెట్టింది. అతను నెమ్మదిగా, ఆమెకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో మాట్లాడాడు. వాసన బయటి దాకా వచ్చిందన్నాడు. తన భార్య చేప చేసేటప్పుడు ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి నిలబడేవాడినని, ఆవిడ తువ్వాలుతో కొట్టేదని చెప్పాడు. చక్రధర్ గట్టిగా నవ్వాడు. కాస్త ఎక్కువ గట్టిగానే.

ధాత్రి ట్రే తీసింది. ఈసారి ముక్కలు ఎర్రగా, అంచుల్లో మాత్రమే ముదురు రంగు తిరిగి, ఫోర్కు తగలగానే పొరలుగా విడిపోయాయి. రెండు ప్లేట్లలో పెట్టి బల్ల మీదికి తెచ్చింది. డెనీ కుర్చీ వెనక నిలబడే ఉన్నాడు.

మీ ప్లేటేది అని ఆమెను అడిగాడు. తర్వాత తింటానంది. అతను నవ్వి తల అడ్డంగా ఊపాడు. వండిన మనిషి నిలబడి ఉంటే తను కూర్చోలేనన్నాడు. మూడు కుర్చీలున్నాయి కదా అన్నాడు. చక్రధర్ చటుక్కున లేచి మూడో ప్లేటు తెచ్చి, అన్నం పెట్టి, పక్కన ఒక చేపముక్క పెట్టాడు. ఆమె వైపు చూడలేదు. ధాత్రి కూర్చుంది.

డెనీ కళ్ళు మూసుకుని ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. ఫోర్కు తీసుకున్నాడు గాని తినలేదు. ఆమె మొదలుపెట్టాలని చూస్తున్నాడు. తమ ఇళ్ళల్లో అందరూ తిన్నాక ఆడవాళ్ళు తింటారు. వాళ్ళ ఇళ్ళల్లో వండినావిడ తినేదాకా ఎవరూ తినరు. ముగ్గురూ ఒకరి కోసం ఒకరు ఆగిపోయారు. హీటరు చప్పుడు మొదలై, ఆగింది.

"ఒక్క ముక్క, ధాత్రీ," అన్నాడు చక్రధర్ తెలుగులో, మొహం మీద నవ్వు చెదరకుండా.

ఆమె ఫోర్కుతో చేపను నొక్కింది. తెల్లటి పొర ఒకటి విడివడింది. ఎత్తింది. చెయ్యి ప్లేటుకూ నోటికీ మధ్య అలాగే నిలిచిపోయింది. దించాలనీ అనిపించలేదు, ఎత్తాలనీ అనిపించలేదు. డెనీ మొహంలో నవ్వు తగ్గి, అర్థంకాని చూపు వచ్చింది.

చక్రధర్ చెయ్యి చాచి ఆమె వేళ్ళలోంచి ఫోర్కు తీసుకున్నాడు. ఆమె ప్లేటు తన దగ్గరికి లాక్కుని, చేపముక్కను తన ప్లేటులోకి జార్చుకున్నాడు. కొంచెం మసాలా బల్ల మీద పడింది. దాన్ని బొటనవేలితో తుడిచాడు.

"ఆవిడ తినదు," అన్నాడు ఇంగ్లీషులో. "వాళ్ళన్నయ్య చనిపోయాడు. పోయిన వారం గురువారం."

డెనీ ఫోర్కు కింద పెట్టాడు. కాసేపు ధాత్రిని చూశాడు. తర్వాత చక్రధర్ వైపు తిరిగి, జ్ఞాపకం తెచ్చుకుంటున్నట్టు ఒక్కొక్క మాటా అన్నాడు.

"మీ నాన్న పోయినప్పుడు నువ్వు గుండు చేసుకుని వచ్చావు. అన్ని రోజులూ మాంసం తినలేదు. మైక్రోవేవ్ దగ్గర నిలబడి నాకు నువ్వే చెప్పావు, ఎందుకో."

"అవును."

"ఇతను ఆవిడకి అన్న."

"అవును."

"మరి ఆవిడకి లేదా అది?"

ఆ ప్రశ్నకు తన తల్లి చెప్పే జవాబు చక్రధర్‌కు తెలుసు. ధాత్రికీ తెలుసు. పెళ్ళి, ఇంటిపేరు, మైల, ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పడం కూడా అంత కష్టం కాదు. లంచ్‌రూములో అలాంటివి అతను చాలా చెప్పాడు. ధాత్రి అతని నోటి వైపు చూస్తూ ఉంది. అతను గ్లాసు తీసుకుని, తాగకుండా కింద పెట్టాడు.

"ఉంది," అన్నాడు.

డెనీ ఆమెనే అడిగాడు, అన్నయ్య పేరేమిటని. ఈ దేశంలో ఆ మాట ఎవరూ అడగలేదు. భీమారావు, అంది. డెనీ పలకడానికి ప్రయత్నించాడు. రెండోసారి ఆమె విడదీసి పలికింది, క్లాసులో పలికించినట్టు. ఏం చేసేవాడని అడిగాడు.

"బస్సులో కండక్టరు," అంది ధాత్రి. ఇంకేదో చెప్పాలనిపించింది. ఇంగ్లీషు మాటలు వెతుక్కుంది. "ఎక్కిన ముసలివాళ్ళందరికీ సీటు దొరికేదాకా టికెట్లు కొట్టేవాడు కాదు. డ్రైవరు తిట్టేవాడు."

డెనీ తలూపాడు. తన ఊళ్ళో ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆ ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వరని, ఇరుగుపొరుగువాళ్ళే వండి తెస్తారని చెప్పాడు. మా ఊళ్ళోనూ అంతేనని ఆమె అంది. అతను చక్రధర్ వైపు చూశాడు.

"నాకు చెప్పి ఉండాల్సింది. నేను తెచ్చేవాణ్ణి."

ఆ గొంతులో కోపం లేదు. కాస్త నొచ్చుకున్నట్టు మాత్రం ఉంది. చక్రధర్ తల వంచుకున్నాడు. డెనీ ఆమె వైపు తిరిగి, ఇది నేను తినొచ్చా అని అడిగాడు.

"తినండి," అంది ధాత్రి. "మీకోసమే చేశాను."

అతను మొత్తం తిన్నాడు. దుంపలు కూడా వదల్లేదు. ఉప్పు సరిపోయిందా అని ఆమె అడిగితే సరిపోయిందన్నాడు. చక్రధర్ తన ప్లేటులో ఉన్న రెండు ముక్కలనూ ఫోర్కుతో చిదిపాడు గాని నోట్లో పెట్టలేదు. డెనీ కాఫీ వద్దన్నాడు. వంగి బూట్లు కట్టుకుని, మెట్ల దగ్గర చక్రధర్‌తో సోమవారం మాట్లాడదామన్నాడు. దేని గురించో చెప్పలేదు. కారు స్టార్టయి వెళ్ళిపోయేదాకా చక్రధర్ మెట్ల మీద చలిలో నిలబడ్డాడు.

లోపలికి వచ్చి ప్లేట్లు సింకులో పెట్టాడు. ధాత్రి లేవబోతే కూర్చోమన్నాడు. కూర్చుంది. ఆ వారంలో మొదటిసారి లేచి గొళ్ళెం చూసి రావాలని అనిపించలేదు. అతను మిగిలిన చేపను డబ్బాలో సర్దాడు. ట్రే నానబెట్టాడు. ఆమె పప్పు గిన్నె వేడి చేసి, తెల్లన్నంతో పాటు ఆమె ముందు పెట్టాడు. ఆమె చేత్తో కలుపుకుని తింటుంటే ఎదురుగా కూర్చుని బల్ల మీది మరకను తుడుస్తూ ఉన్నాడు. ఆ మరక ఎప్పుడో పోయింది.

ఫోను మోగింది. అక్కడ అప్పుడే తెల్లవారుతోంది. కమలకుమారి స్నానం చేసి దేవుడికి దీపం పెట్టి, దొరగారి భోజనం ఎలా జరిగిందో కనుక్కుందామని చేసింది. చక్రధర్ ఫోను ఎత్తాడు. బాగా తిన్నాడని చెప్పాడు. పోస్టు సంగతి ఏమన్నాడని ఆవిడ అడిగింది. ఇంకా అడగలేదన్నాడు. కోడలు కూడా మీతో కూర్చుని తిన్నదా అని అడిగింది. అతను ధాత్రి వైపు చూశాడు. ధాత్రి చెయ్యి పళ్ళెంలోనే ఆగింది.

"అమ్మా, నీకొకటి చెప్పాలి," అన్నాడు.

చెప్పు నాన్నా, అంది ఆవిడ. వెనక ఎవరో పాలవాడు పిలిచినట్టున్నాడు. ఒక్క నిమిషం అంటూ ఆవిడ ఫోను ఎక్కడో పెట్టి వెళ్ళింది. తెర మీద వాళ్ళింటి గోడ కనిపించింది. చక్రధర్ ఎదురు చూశాడు. ఆవిడ తిరిగి వచ్చి, ఏంట్రా అని అడిగింది. అతని పెదవులు కదిలాయి. రేపు చేస్తానమ్మా అన్నాడు, ఫోను పెట్టేశాడు.

"చెప్తాను," అన్నాడు ధాత్రితో.

ఆమె తలూపింది. లేచి చెయ్యి కడుక్కుంది.

ఎల్లుండి పెద్దకర్మ. ధాత్రి మైల పాటిస్తోందని అత్తయ్యకు ఇంకా ఎవరూ చెప్పలేదు.